ఎలక్ట్రానిక్ సస్పెన్షన్ బైపాస్: రెసిస్టర్ భర్తీ చేసేది, చేయలేనిది

వ్యాస సంగ్రహం:
ఎలక్ట్రానిక్ నియంత్రణ గల షాక్ అబ్జార్బర్లు పాడైనప్పుడు, వాటి ధర భరించలేక చాలామంది యజమానులు సాధారణ షాక్ అబ్జార్బర్లను బిగించుకుంటారు. అప్పుడు వెలిగే హెచ్చరిక దీపాన్ని ఆర్పడానికి రెసిస్టర్లను అమర్చడం వాడుకలో ఉంది. ఈ ఏర్పాటు వెనుక ఉన్న సూత్రాన్ని, దాని పరిమితులను మాగ్నరైడ్ వ్యవస్థ ఆధారంగా వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: షాక్ అబ్జార్బర్, మాగ్నరైడ్, కంట్రోల్ యూనిట్, రెసిస్టర్, బైపాస్.

1. ఉపోద్ఘాతం
వాహనం బరువును మోసేది స్ప్రింగు. గుంతలో పడి లేచిన తరువాత ఆ స్ప్రింగు ఊగిసలాటను అణచేది షాక్ అబ్జార్బరు. దీని లోపలి పిస్టను నూనెను సన్నని రంధ్రాల గుండా నెట్టడం వల్ల చలనశక్తి ఉష్ణంగా మారుతుంది. సాధారణ షాక్ అబ్జార్బరులో ఈ అణచివేత తీరు తయారీలోనే స్థిరపడి ఉంటుంది. ఎలక్ట్రానిక్ రకంలో అది ప్రయాణం సాగుతుండగానే మారుతుంది.

2. మాగ్నరైడ్ పనితీరు
డెల్ఫై సంస్థ రూపొందించిన మాగ్నరైడ్ 2002 నమూనా కాడిలాక్ సెవిల్ ఎస్.టి.ఎస్. కారుతో వాడుకలోకి వచ్చింది. ఇందులోని ద్రవంలో సూక్ష్మమైన ఇనుప రేణువులు కలిసి ఉంటాయి. పిస్టనులోని తీగచుట్టలో విద్యుత్తు ప్రవహిస్తే అయస్కాంత క్షేత్రం ఏర్పడి, ఆ రేణువులు గొలుసులుగా బారులు తీరుతాయి. అప్పుడు ద్రవం ప్రవాహానికి గట్టిగా ఎదురు నిలుస్తుంది. విద్యుత్తు ఆగితే తిరిగి పలచబడుతుంది. ఈ మార్పు కొన్ని మిల్లీసెకన్లలోనే జరుగుతుంది. ఇటువంటి ద్రవాలపై తొలి పరిశోధన 1940ల చివర అమెరికాలో జేకబ్ రాబినో చేశారు.

3. హెచ్చరిక దీపం ఎందుకు వెలుగుతుంది?
కంట్రోల్ యూనిట్ తీగచుట్టకు విద్యుత్తును పంపడంతో పాటు ఆ వలయం సక్రమంగా ఉందో లేదో గమనిస్తూ ఉంటుంది. సాధారణ షాక్ అబ్జార్బరులో తీగచుట్ట ఉండదు కనుక కనెక్టరు ఖాళీగా మిగులుతుంది. యూనిట్ దీనిని తెగిన వలయంగా గుర్తించి, లోప సంకేతాన్ని నమోదు చేసి, దీపాన్ని వెలిగిస్తుంది. కొన్ని నమూనాలలో వాహన వేగాన్ని కూడా పరిమితం చేస్తుంది.

ఫ్యూజు తీసివేయడం పరిష్కారం కాదు. అదే ఫ్యూజు మీద ఇతర పరికరాలు ఆధారపడి ఉండవచ్చు. పైగా సస్పెన్షన్ యూనిట్ మౌనం వహించిందని మిగిలిన యూనిట్లు గుర్తిస్తాయి.

4. రెసిస్టరు చేసే అనుకరణ
తీగచుట్టకు సమానమైన విద్యుత్ నిరోధం గల రెసిస్టరును ఖాళీ కనెక్టరుకు కలిపితే, యూనిట్‌కు వలయం పూర్తయినట్టు కనిపిస్తుంది. ఇక్కడ రెండు అంశాలు గమనించాలి.

మొదటిది ఉష్ణం. 2 ఓమ్‌ల రెసిస్టరు గుండా 2 ఆంపియర్లు ప్రవహిస్తే 8 వాట్ల ఉష్ణం వెలువడుతుంది. విద్యుత్తు 4 ఆంపియర్లకు పెరిగితే అది 32 వాట్లు అవుతుంది. విద్యుత్తు రెట్టింపైతే ఉష్ణం నాలుగు రెట్లవుతుందన్నమాట. కనుక తగిన సామర్థ్యం గల రెసిస్టరును ప్లాస్టిక్‌కు, వైర్లకు దూరంగా, వేడిని పీల్చుకునే లోహభాగానికి బిగించాలి.

రెండవది ప్రేరకత్వం. తీగచుట్టలో విద్యుత్తు క్రమంగా పెరుగుతుంది. రెసిస్టరులో తక్షణం పెరుగుతుంది. ఈ తేడాను పసిగట్టే యూనిట్‌ను కేవలం ఓమ్‌ల లెక్కతో ఒప్పించలేము. అందుకే ఒక నమూనాకు సరిపోయిన ఏర్పాటు మరొక నమూనాకు సరిపోతుందని భావించరాదు.

5. భర్తీ కాని అంశాలు
రెసిస్టరు విద్యుత్ వలయాన్ని మాత్రమే అనుకరిస్తుంది. మలుపులోనూ, హఠాత్తుగా బ్రేకు వేసినప్పుడూ వాహనం ఒరగకుండా డాంపింగును పెంచే పని ఇక జరగదు. యూనిట్ ఆజ్ఞలు జారీ చేస్తూనే ఉంటుంది, అవి వేడిగా మారి వృథా అవుతాయి. వెనుక షాక్ అబ్జార్బర్లలో బరువును సమం చేసే గాలి సంచులు ఉన్న వాహనాలలో, వాటిని తొలగిస్తే నిండు బరువుతో వెనుకభాగం కుంగి, హెడ్‌లైట్ల కాంతి పైకి లేస్తుంది. ఎత్తును కొలిచే సెన్సార్ల సమాచారాన్ని కొన్ని వాహనాలు హెడ్‌లైట్ల సర్దుబాటుకు కూడా వాడుతాయి. అటువంటి చోట ఆ సెన్సార్లను విప్పరాదు.

6. అనుసరించదగిన మార్గం
అదే నమూనా సాధారణ సస్పెన్షన్‌తోనూ తయారై ఉంటే, దాని స్ప్రింగులను, షాక్ అబ్జార్బర్లను జతగా ఎంచుకోవడం మేలు. వీలున్న వాహనాలలో డయాగ్నస్టిక్ పరికరంతో ఎలక్ట్రానిక్ డాంపింగ్ లేదని కంట్రోల్ యూనిట్‌లో నమోదు చేయడం అన్నింటికన్నా ఉత్తమం. అప్పుడు యూనిట్‌కు అబద్ధం చెప్పవలసిన అవసరమే ఉండదు. అది సాధ్యం కానప్పుడే, ఆ నమూనాకే ప్రత్యేకించి తయారైన బైపాస్ పరికరాన్ని ఆశ్రయించాలి. ఏ మార్గం ఎంచుకున్నా, చేసిన మార్పును వాహన సేవా పత్రాలలో రాసి ఉంచాలి.

7. ముగింపు
హెచ్చరిక దీపం వాహనానికీ మనిషికీ మధ్య ఉన్న సంభాషణ. రెసిస్టరు ఆ సంభాషణలో ఒక వాక్యాన్ని మార్చివేస్తుంది. బిగించిన మెకానిక్‌కు ఆ సంగతి తెలుసు. రేపు ఆ వాహనాన్ని కొన్నవారికి, వర్షంలో మలుపు తిప్పేవారికి తెలియదు. కనుక బైపాస్‌ను సాంకేతిక సర్దుబాటుగా అంగీకరించినా, దానిని దాచి ఉంచడాన్ని అంగీకరించలేము. ఆరిన దీపం వలయం పూర్తయిందని మాత్రమే చెబుతుంది; సస్పెన్షన్ పూర్వస్థితికి వచ్చిందని చెప్పదు.