కూడబలుక్కుని చదివే పిల్లలు: అపోహలు – వాస్తవాలు

రెండో తరగతి పిల్ల ‘పలక’, ‘అమ్మ’, ‘ఆవులు’ గడగడా చదివేస్తుంది. ‘విద్యార్థులందరికీ’ ఎదురవగానే ‘విద్యా...’ అని ఆగి, మిగతాది తోచినట్టు చెప్పేస్తుంది. ఆ తడబాటుకు ఇంట్లో దొరికే జవాబు సాధారణంగా గద్దింపే. కానీ పెద్ద పదాన్ని ముక్కలు చేసుకోవడం చాలామందికి ఎవరైనా నేర్పితేనే వస్తుంది.

అపోహ: ఇంకా కూడబలుక్కుంటున్నాడంటే చదువు రానట్టే.

వాస్తవం: మొదటి అక్షరం చూసి మిగతాది ఊహించేసే పిల్లవాడికన్నా కూడబలుక్కునేవాడే సరైన దారిలో ఉన్నాడు. పదాన్ని తానే విడగొట్టి, తానే కలిపి, సరిగ్గా పలికిన ప్రతిసారీ దాని రూపం మనసులో నాటుకుంటుంది. కొన్నిసార్లకు చూడగానే పలికేస్తాడు. పిల్లలు ఇలా చదువుతూనే తమకు తామే నేర్పుకుంటారని పఠన పరిశోధకుడు డేవిడ్ షేర్ 1995లో వివరించారు. మనం ఓపిక పట్టలేక పదాన్ని అందించేస్తే ఆ అవకాశం చేజారిపోతుంది.

అపోహ: గుణింతాలు, ఒత్తులు కంఠతా వస్తే పెద్ద పదాలు వాటంతట అవే వస్తాయి.

వాస్తవం: రావు. ‘రాజ్యాలు’ అన్న మాటను చాలామంది పిల్లలు ‘రాజాయలు’ అని చదువుతారు. దీర్ఘం కనిపించేది జ మీద, పలకవలసింది కిందున్న య తర్వాత. ‘పుస్తెలు’లోనూ అంతే, ఎత్వం స మీద ఉంటుంది, పలుకు త తర్వాత వస్తుంది. దానికితోడు త, న, మ, య, ర, ల ఒత్తులు అసలు అక్షరాల్లా ఉండవు. ‘రాజాయలు’ అన్న పిల్లవాడు అజాగ్రత్తగా చదవలేదు, కంటికి కనిపించిన వరసలోనే చదివాడు. వాణ్ణి తిట్టడం అన్యాయం. ‘జకు దీర్ఘమిస్తే జా, జాకు య ఒత్తిస్తే జ్యా’ అని వల్లె వేయించడం రాతకు పనికొస్తుంది కానీ, చదివేటప్పుడు అడ్డొస్తుంది. ‘జ్యా’ మొత్తాన్ని వేలితో ఒకే ముక్కగా చూపించి రా – జ్యా – లు అనిపించండి. చదివించేటప్పుడు ఒత్తును దాని అక్షరం నుంచి విడదీయకండి.

అపోహ: తెలుగులో రాసే ముక్క, పలికే ముక్క ఒకటే.

వాస్తవం: ఒత్తు తగలనంతవరకే. రాతలో పు – స్త – కం, నోటికి మాత్రం పుస్ – త – కం. సకారం ముందున్న ‘పు’ మీదికి ఒరుగుతుంది, ఛందస్సులో ఆ ‘పు’ గురువయ్యేది అందుకే. కాబట్టి చప్పట్లు కొడుతూ ‘పుస్ – త – కం’ అన్న పిల్ల తప్పు చేయలేదు, ఆమె చెవి చక్కగా పనిచేస్తోంది. పుస్తకంలో చూసి విడగొట్టేటప్పుడు ‘స్త’ను కలిపే ఉంచి, ముందు అక్షరాన్ని కాస్త ఊది పలకమంటే రెండూ కుదురుకుంటాయి.

అపోహ: ఎంత పొడుగు పదమైనా అక్షరం అక్షరంగా చదివిస్తే చాలు.

వాస్తవం: ‘వెళ్ళలేకపోతున్నారు’లో ఎనిమిది అక్షరాలున్నాయి. చివరికి చేరేసరికి మొదలు మరచిపోతారు. వెళ్ళ – లేక – పోతున్నారు అని మూడు చేస్తే ఏ ముక్కా కొత్తది కాదు, రోజూ వినేవే. ముందు అర్థమున్న ముక్కలు, వాటిలో తడబడిన చోట మాత్రమే అక్షరాలు. సంధి కలిసిన చోట అతుకు కనబడదు గనక ‘విద్యార్థులు’, ‘అందరికీ’ అని ముందు నోటితో విడిగా అనిపించి, ఆ రెండూ ‘లం’ దగ్గర ఎలా కలిశాయో చూపించాలి.

అపోహ: ఇదే పద్ధతి ఇంగ్లీషుకూ సరిపోతుంది.

వాస్తవం: సరిపోదు. కుందేలుకు ఇంగ్లీషులో రాసే మాటలో రెండు ‘బి’లున్నా పలికేది ఒక్కటే. మన పిల్లలు తెలుగు అలవాటుతో ‘రబ్బిట్’ అంటారు. ఇంగ్లీషులో ఒకే అచ్చు అక్షరం ఒక్కో మాటలో ఒక్కో ధ్వని ఇస్తుంది కాబట్టి, ముక్క చేశాక కూడా ఎలా పలకాలో విడిగా చెప్పవలసే ఉంటుంది. రెండు భాషలూ ఒకేసారి మొదలుపెట్టిన పిల్లలకు ఏ పుస్తకం తెరిచామో, ఏ పద్ధతిలో విడగొట్టాలో ముందే చెప్పి కూర్చోబెట్టండి.