‘నరం దొరకడం లేదు’ అన్నప్పుడు

రక్తపరీక్షకు వెళ్తే జబ్బకు రబ్బరు పట్టీ బిగిస్తారు, పిడికిలి మూయమంటారు, మోచేతి మడతలో వేలితో తడుముతారు. ‘నరం దొరకడం లేదమ్మా’ అంటారు. రెండోసారి గుచ్చేసరికి మనకు అనుమానం మొదలవుతుంది: నాలో రక్తం తక్కువా, వీళ్లకు చేతకాదా? చాలాసార్లు రెండూ కాదు. ఆ చేతిలో రక్తం నడిచే దారే వేరు.

వాడుకలో మనం ‘నరం’ అని రెండింటినీ అంటాం: స్పర్శను, నొప్పిని మోసేదాన్నీ, రక్తాన్ని గుండెకు తిరిగి చేర్చే సిరనూ. సూది వెళ్లాల్సింది సిరలోకి. అసలు నరానికి అది తగలకూడదు.

చేతి చర్మం కింద పైపైన సాగే పెద్ద సిరలు రెండు. రెండూ అరచేతి వెనకవైపు కనిపించే సిరల వల నుంచే బయల్దేరతాయి. బొటనవేలి వైపు నుంచి పైకెక్కే సెఫాలిక్ సిర భుజం దాకా వెళ్లి, ఛాతీ కండకూ భుజం కండకూ నడుమ ఉన్న గాడిలోంచి లోపలికి దిగుతుంది. చిటికెనవేలి వైపు నుంచి వచ్చే బాసిలిక్ సిర జబ్బ సగం దాకా వచ్చి లోతుకు పోతుంది. మోచేతి మడతలో ఈ రెండింటినీ ఏటవాలుగా కలిపేది మీడియన్ క్యూబిటల్ సిర. టెక్నీషియన్ వేలు ముందు వెతికేది దీన్నే. ఇది లావుగా ఉంటుంది, చర్మానికి దగ్గరగా ఉంటుంది. పైగా లోతు సిరలతో కలిపే చిన్న సిర ఒకటి దీన్ని కిందినుంచి పట్టి ఉంచుతుంది కాబట్టి సూది కింద అటూ ఇటూ జారదు.

పుస్తకంలో బొమ్మ ఇలా ఉంటుంది. చేతులు మాత్రం ఆ బొమ్మ చూసి తయారు కాలేదు. కొందరిలో మడత దగ్గర సిరలు ఇంగ్లిష్ ‘హెచ్’ అక్షరంలా కలుస్తాయి. కొందరిలో ముంజేతి మధ్యగా వచ్చిన సిర రెండు పాయలుగా చీలి, చెరో పక్క సిరలో కలిసి ‘ఎమ్’ ఆకారం కడుతుంది. అడ్డంగా కలిపే సిర అసలే లేనివాళ్లున్నారు. సెఫాలిక్ తన రక్తమంతా బాసిలిక్‌కు అప్పగించి, మోచేయి పైన దారంలా సన్నబడిపోయే చేతులూ ఉన్నాయి. ఒకే మనిషి కుడిచేయి, ఎడమచేయి కూడా ఒకేలా ఉండాలని లేదు. తల్లి గర్భంలో సిరలు ముందు సన్నని వలలా ఏర్పడతాయి. రక్తం ఎక్కువగా పారిన పాయలు వెడల్పవుతాయి, మిగిలినవి పూడుకుపోతాయి. ఏటి ఇసుకలో నీటిపాయల్లాగే, ఏది నిలుస్తుందో అన్ని చోట్లా ఒకటి కాదు.

మోచేతి లోపలివైపు బాసిలిక్ సిర ఎంత ఉబ్బి కనిపించినా దాన్ని చివరికి వదిలేయడానికి కారణం ఉంది. స్పర్శనిచ్చే నరం దాన్ని ఆనుకునే పోతుంది, పెద్ద ధమని దగ్గర్లోనే ఉంటుంది. అరుదుగా కొందరిలో లోతున ఉండాల్సిన ధమని చర్మం కిందికే వచ్చి సిరలా భ్రమ కలిగిస్తుంది. మందు పొరపాటున అందులోకి ఎక్కితే వేళ్లకే ప్రమాదం. అందుకే గుచ్చేముందు అక్కడ నాడి కొట్టుకుంటోందేమో వేలితో చూడాలి. సూది దిగగానే వేళ్లలోకి కరెంటు షాకులా జివ్వుమంటే ఓర్చుకోవద్దు. వెంటనే చెప్పండి, సూది తీసేయాలి.

పోయినసారి ఏ చేతిలో, ఎక్కడ దొరికిందో మీకు గుర్తుంటే ముందే చెప్పండి. అంతకంటే మంచి సాయం లేదు. నీళ్లు తాగి వెళ్లడం, చల్లబడిన చేతిని వెచ్చబరచుకోవడం పనికొస్తాయి. పిడికిలి పదేపదే మూసి తెరవడం మాత్రం వద్దు, పొటాషియం లెక్క తప్పుగా పెరిగి కనబడొచ్చు. పట్టీ కూడా నిమిషం దాటకూడదు.

కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు ఏ సిరలో గుచ్చుతున్నారన్నది మరీ ముఖ్యం. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో ఎన్ని ఇళ్లు ఈ జబ్బుతో నలిగాయో తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేదు. డయాలిసిస్‌కు వేసే ఫిస్టులా అంటే ఎక్కువగా మణికట్టు దగ్గర ధమనిని సెఫాలిక్ సిరకు కలపడమే. న్యూయార్క్‌లో బ్రెస్కియా, సిమినో, వాళ్ల సహచరులు 1966లో ప్రచురించిన పద్ధతి ఇది. ధమని ఒత్తిడికి ఆ సిర వారాల తరబడి లావెక్కి, గోడ గట్టిపడి, వారానికి రెండు మూడుసార్లు పెద్ద సూదులను తట్టుకునేలా తయారవుతుంది. అంతకుముందే సెలైన్ సూదులతో ఆ సిర మూసుకుపోతే కలపడానికి ఏమీ మిగలదు. ఈ మాట రోగికి జబ్బు బయటపడిన రోజే చెప్పాలని నా గట్టి అభిప్రాయం. ఫిస్టులా కోసం రాయని చేతిని కాపాడుకోండి, సూదులకు ఇవ్వకండి. తప్పనిసరైతే ‘అరచేతి వెనక నుంచి తీయండి’ అని అడగండి.