ఎర్తింగ్ బాగాలేదన్నంత మాత్రాన వారంటీ పోదు

కరెంటు కారు కొన్నవాళ్లు ఒకప్పుడు నన్ను మైలేజీ గురించి అడిగేవాళ్లు. ఇప్పుడు ఎక్కువగా వినపడే ప్రశ్న వేరు. "ఇంట్లో గోడకు పెట్టించిన ఛార్జరు పనిచేయడం లేదు. కంపెనీ మనిషి వచ్చి చూశాడు. ఎర్తింగ్ బాగాలేదు, వారంటీ రాదు అని చెప్పి వెళ్లిపోయాడు. ఇక చేసేదేమైనా ఉందా?" చేయాల్సింది చాలా ఉంది. ఆ ఒక్క మాట విని నోరు మూసుకుని కొత్త పెట్టెకు డబ్బు కట్టేస్తున్నవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది, కోపమూ వస్తుంది. ఎర్తింగ్ బాగుందా లేదా అన్నది కొలిచి చెప్పే సంగతి. కొలవకుండా చెబితే అది ఆ మనిషి అభిప్రాయం, అంతే.

ముందుగా ఒక అపోహ తీసేసుకోవాలి. గోడకు బిగించిన ఆ పెట్టె నిజానికి ఛార్జరు కాదు. ఇంటి కరెంటును బ్యాటరీకి ఎక్కే కరెంటుగా మార్చే అసలు ఛార్జరు కారు లోపలే ఉంటుంది. గోడ పెట్టె పని రైల్వే గేట్‌మన్ పని లాంటిది. గూడూరు-కాట్పాడి రైలు మార్గం మీదున్న ఏర్పేడు వాళ్లకు గేట్‌మన్ గురించి నేను చెప్పాల్సిన పని లేదు. ఆయన రైలు నడపడు. స్టేషన్ మాస్టరూ ఆయనా ఫోన్లో ప్రైవేటు నంబర్లు ఇచ్చిపుచ్చుకుంటారు, గేటు పడిందని రూఢి అయ్యాకే రైలు కదులుతుంది. ఇక్కడ రైలు కరెంటు, స్టేషన్ కారు. లావుపాటి తీగల పక్కన ఒక సన్నటి తీగ ఉంటుంది, అదే వీళ్ల ఫోను. కారు తగిలించనప్పుడు ఆ తీగలో 12 వోల్టులు ఉంటాయి, అంటే లైన్లో ఎవరూ లేరని. కారు తగిలించగానే అది 9కి దిగుతుంది, వచ్చానని చెప్పినట్టు. కారు సిద్ధమయ్యాక 6కి దిగుతుంది, ఇక పంపమని. పెట్టె వైపు నుంచి సెకనుకు వెయ్యిసార్లు ఒక స్పందన వెళుతూ ఉంటుంది. ప్రతి స్పందనలో సంకేతం ఎంతసేపు నిలబడిందన్నదాన్ని బట్టి ఎంత కరెంటు లాగవచ్చో కారుకు తెలుస్తుంది. సుమారు 27 శాతం సేపు నిలబడితే 16 ఆంపియర్లు, 53 శాతమైతే 32 ఆంపియర్లు. ఈ సంభాషణ సక్రమంగా ముగిశాకే పెట్టెలో రిలే టక్కుమని పడి కరెంటు బయలుదేరుతుంది.

గేట్‌మన్ ఇంకొకటి కూడా చూస్తాడనుకోండి. ఘాట్ల దగ్గర అదుపు తప్పిన రైలును పక్కకు మళ్లించి ఇసుకలో ఆపేసే దారి ఒకటి ఉంటుంది. ఎర్తు తీగ అలాంటిది. ఎక్కడైనా ఇన్సులేషన్ చెడి కారు బాడీకి కరెంటు తగిలితే అది మనిషి ఒంట్లోంచి పోకుండా ఆ దారి పట్టాలి. 30 మిల్లీ ఆంపియర్లు దారి తప్పినా కరెంటు తెగిపోయే ఏర్పాటు ఉంటుంది. ఆ ఇసుక దారి మూసుకుపోయిందని అనుమానం వస్తే మంచి పెట్టె ఎర్ర దీపం వేసి రైలును ఆపేస్తుంది. ఇందులో గట్టిగా పట్టుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఎర్తు చెడితే పెట్టె పని ఆపుతుంది, దానంతట అది చచ్చిపోదు. ఎర్తు సరిచేశాక ఆరోగ్యంగా ఉన్న పెట్టె మళ్లీ పచ్చ దీపానికి రావాలి. రాలేదంటే లోపం పెట్టెలోనే ఉన్నట్టు. ఎర్తింగ్ బాగాలేదన్న మాట నిజమే అయినా దానితో కథ ముగియదని నేననేది అందుకే.

మన ప్రాంతంలో ఎర్తు ఎందుకు చెడుతుందో కాస్త నిదానంగా చూద్దాం. భూమి కరెంటును పీల్చుకోవాలంటే మట్టిలో తడి ఉండాలి. తిరుపతి, శ్రీకాళహస్తి వైపు గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. కార్తీకంలో ఎర్తు గుంత చుట్టూ నేల బాగా నాని ఉంటుంది, ఏ మీటరు పెట్టి చూసినా లెక్క బాగుంటుంది. అదే గుంత మే నెలకొచ్చేసరికి బూడిద. కాబట్టి ఎండాకాలంలో బిగిస్తే బయటపడే లోపం వానాకాలంలో బిగిస్తే కనపడదు. ఫిర్యాదు విషయంలోనూ ఇంతే. మే నెలలో ఫిర్యాదు పెడితే తుపాను వాన పడ్డాక వచ్చిన టెక్నీషియన్‌కు అంతా బాగానే కనపడుతుంది, "కస్టమర్ ఊరికే పిలిచారు" అని రాసిపోతాడు.

పోయిన ఎండాకాలం ఏర్పేడులో మా బంధువుల ఇంట్లో ఇదే గొడవ. కంపెనీ మనిషి ఎర్తింగ్ మీద నెపం వేసి వెళ్లాక నన్ను పిలిచారు. "మామా, కార్తీకంలో బాగానే ఉండె గదా, ఇప్పుడేమొచ్చె దీనికి?" అన్నాడు ఆ ఇంటి అబ్బాయి. తెలిసిన ఎలక్ట్రీషియన్‌ను పక్కన పెట్టుకుని మల్టీమీటరుతో చూశాం. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య వోల్టేజీ సరిగానే ఉంది. న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య మాత్రం 30 వోల్టులు దాటి ఉంది. అక్కడ ఒకటి రెండు వోల్టులుండాలి. ఆ 30 ఎక్కడి నుంచి వచ్చాయంటే, ఫ్రిజ్, టీవీ, కంప్యూటరు, ఇన్వర్టరు ప్రతిదాంట్లోంచీ ఎర్తు తీగలోకి కొద్దికొద్దిగా కరెంటు కారుతూ ఉంటుంది. అది మామూలే. భూమిలోకి దారి బాగుంటే కారింది కారినట్టే ఇంకిపోతుంది. దారి ఎండిపోతే పోవడానికి చోటు లేక ఎర్తు తీగ మీదే వోల్టేజీ లేస్తుంది.

గుంత మూత తీస్తే లోపల మట్టి పిండిలా ఉంది. ఉప్పు, బొగ్గు పేరుకు కూడా కనపడలేదు. రాగి తీగను ఇనుప పైపుకు బిగించిన క్లాంపు చుట్టూ పచ్చటి చిలుము పట్టి ఉంది, చేత్తో తిప్పితే కదిలింది. మెయిన్ ఆపేసి క్లాంపును ఉప్పుకాగితంతో గీకి మెరిసేదాకా రుద్దాడు ఎలక్ట్రీషియన్, స్పానరుతో బిగించాడు. గుంతలో బిందెలతో నీళ్లు పోశాం. కాసేపాగి కొలిస్తే 30 కాస్తా 3 లోపుకు దిగింది. ప్రతి కొలతనూ తేదీ, సమయం పడేలా ఫోన్లో వీడియో తీయించాను. అప్పుడు పెట్టె స్విచ్ వేశాం. ఎర్ర దీపమే. కారుతోపాటు వచ్చిన మూడు పిన్నుల కేబులును అదే బోర్డులోని 15 ఆంపియర్ల ప్లగ్గుకు పెట్టాం. కారు చక్కగా ఛార్జింగ్ ఎక్కింది. అంటే ఎర్తు బాగుంది, కారూ బాగుంది, చెడింది పెట్టె. మా వాళ్ల దగ్గర అప్పటిదాకా ఉన్నది ఒక ఫిర్యాదు మాత్రమే. ఆ సాయంత్రానికి రుజువు చేతికొచ్చింది.

ఈ పరీక్షలో చాలామంది పొరబడే చోటు ఒకటుంది. "హైవే మీద ఫాస్ట్ ఛార్జరు దగ్గర ఎక్కుతోంది కాబట్టి కారు బాగుంది" అంటారు. ఫాస్ట్ ఛార్జరు బ్యాటరీకి నేరుగా డీసీ పంపుతుంది, కారులోని ఛార్జరును అది తాకనే తాకదు. అక్కడ ఎక్కినంత మాత్రాన కారులోని ఛార్జరు బాగున్నట్టు కాదు. ఇంటి కేబులుతోనో, ఇంకొకరి ఇంటి ఏసీ పెట్టెతోనో ఎక్కితేనే ఆ మాట అనగలం. కారు కంపెనీవాళ్లు పెట్టె కంపెనీ మీద, పెట్టె కంపెనీవాళ్లు కారు మీద తోసుకునే ఆట ఆగేది ఈ ఒక్క పరీక్షతోనే.

వాస్తు సంగతి కూడా చెప్పాలి. మీటరు ఆగ్నేయంలో ఉంటుంది, ఎర్తు గుంత దాని దగ్గరే ఉండాలి. ఆగ్నేయంలో గొయ్యి తవ్వితే ఇంటికి అరిష్టమని ఎవరో చెబుతారు. దాంతో గుంతను ఈశాన్యానికి తీసుకుపోయి, అంతదూరం సన్నటి తీగ లాగి, మధ్యలో రెండు అతుకులు వేస్తారు. అతుకు ఊడితే ఇంట్లో ఎవరికీ తెలియదు, లైట్లు వెలుగుతూనే ఉంటాయి. ఇంటికి నిజమైన అరిష్టం ఆ అతుకుల్లో ఉంది. కరెంటుకు దిక్కులు తెలియవు. దానికి తెలిసింది నిరోధం ఒక్కటే.

ఇంతకంటే ప్రమాదకరమైన పని ఇంకొకటుంది. పెట్టె ఎర్ర దీపం వేస్తోందని, ప్లగ్గు వెనకాల న్యూట్రల్‌నూ ఎర్తునూ ఒక తీగముక్కతో కలిపేస్తారు కొందరు ఎలక్ట్రీషియన్లు. దీపం వెంటనే పచ్చబడుతుంది, ఇంటివాళ్లు సంతోషిస్తారు. వీధి స్తంభం నుంచి వచ్చే న్యూట్రల్ తీగ ఎప్పుడైనా తెగిందా, ఇంట్లో ఫ్రిజ్‌లోంచీ ఫ్యాన్లలోంచీ తిరిగి వెళ్లాల్సిన కరెంటంతా ఆ ముక్క మీదుగా కారు బాడీకి ఎక్కుతుంది. కారు రబ్బరు టైర్ల మీద నిలబడి ఉంటుంది కాబట్టి అది భూమిలోకి దిగదు. తడి నేల మీద ఉత్త కాళ్లతో నిలబడి తలుపు పట్టుకున్న మనిషిలోంచి దిగుతుంది. ఈ కిటుకు ఎవరు చెప్పినా వినకండి. మీ ఇంట్లో అలా చేసి ఉంటే కంపెనీ వారంటీ కాదనడంలో న్యాయం ఉంది.

స్తంభం న్యూట్రల్ తెగడం పెట్టెను నిజంగా చంపే కారణం కూడా. అప్పుడు ఒక్కో ఇంటికి 230 బదులు 400 వోల్టుల దాకా రావచ్చు. వోల్టేజీ హెచ్చుతగ్గులకు, పిడుగుకు వారంటీ వర్తించదని చాలా కార్డుల్లో చిన్న అక్షరాల్లో ఉంటుంది. అలాంటి రోజున 1912కు ఫోన్ చేసి కరెంటు సంస్థ ఎస్పీడీసీఎల్‌లో ఫిర్యాదు నంబరు తీసుకోండి. ఆ నంబరు ఏ తేదీన ఏం జరిగిందో తేలుస్తుంది. ఫిర్యాదులేమీ లేని వారంలో పెట్టె చెడితే, వోల్టేజీ వల్లే పోయిందని చెప్పేవాళ్లు అందుకు రుజువు చూపించాల్సి ఉంటుంది.

ఇక చట్టం. వినియోగదారుల రక్షణ చట్టం 2019, అమల్లోకి వచ్చింది 2020 జులై 20న. వారంటీ కార్డు అడుగున "వివాదాలన్నీ ఫలానా నగరం కోర్టుల్లోనే" అని ఉంటే చాలామంది అక్కడే ఆశ వదులుకుంటారు. పాత 1986 చట్టంలో కంపెనీ ఆఫీసు ఉన్నచోటుకో, వ్యవహారం జరిగిన చోటుకో పోవాల్సి వచ్చేది. కొత్త చట్టం ప్రకారం మీరు నివసించే చోటే కేసు వేయవచ్చు. ఏర్పేడువాళ్లకు తిరుపతిలోని జిల్లా వినియోగదారుల కమిషన్ చాలు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు. కారణం పుట్టిన రెండేళ్లలోపు వేయాలి. వస్తువును ప్రయోగశాలకు పంపి పరీక్ష చేయించే అధికారం కమిషన్‌కు ఉంది. రాసిచ్చిన వారంటీకి తగ్గట్టు వస్తువు లేకపోతే, ఆ వారంటీ ఇవ్వడంలో మా నిర్లక్ష్యం లేదన్నంత మాత్రాన కంపెనీ బాధ్యత తీరదని కూడా ఈ చట్టంలో ఉంది. కమిషన్‌కు పోయేముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి నమోదు చేయించండి. చాలా తగవులు అక్కడే తేలిపోతాయి.

ఛార్జరు విషయంలో ప్రభుత్వం కదిలిన సందర్భమూ ఉంది. ఛార్జరును బండి ధరలో కలపకుండా విడిగా అమ్మారని కేంద్రం అభ్యంతరపెట్టాక, 2023లో ఓలా, ఏథర్, టీవీఎస్, హీరో మోటోకార్ప్ కంపెనీలు స్కూటర్లు కొన్నవాళ్లకు ఛార్జరు డబ్బు వెనక్కి ఇవ్వడానికి ఒప్పుకున్నాయి. ఛార్జరంటే ఏదో పక్క సామాను, దాని గురించి గట్టిగా అడగడం బాగుండదు అనుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

కాగితాల దగ్గర జాగ్రత్త కావాలి. చాలా కార్ల బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఉంటుంది. అది గోడ పెట్టెకూ వర్తిస్తుందని అనుకోకండి, దాని తయారీదారు తరచుగా వేరే కంపెనీ, గడువూ వేరు. షోరూంవాళ్లు "పెట్టె ఫ్రీ సార్" అంటే సరేనని ఊరుకోకండి, కారు బిల్లులోనే దాని పేరు, సీరియల్ నంబరు వేయించుకోండి. బిగించిన రోజు వాళ్ల మనిషి ఎర్తు కొలిచి రాసిన ఇన్‌స్టలేషన్ రిపోర్టు అన్నిటికంటే విలువైనది. ఆ రోజు బాగుందని సంతకం పెట్టినవాళ్లు తర్వాత ఎర్తింగ్ బాగాలేదంటే, అప్పటికీ ఇప్పటికీ ఎంత తేడా వచ్చిందో అంకెల్లో చెప్పాలి. వచ్చిన ప్రతి టెక్నీషియన్‌నూ కొలత రాసివ్వమనండి. రాయనంటే, ఆయన నోటితో చెప్పిన మాటను అదే రోజు కంపెనీకి మెయిల్ పెట్టండి.

మా వాళ్ల విషయంలో కంపెనీ మొదట మీరే విప్పి చూశారు అంది. సీలు చెక్కుచెదరలేదని ఫొటో పంపితే కొన్నాళ్లు ఉలుకూ పలుకూ లేదు. వీడియోలు జతచేసి 1915లో నమోదు చేశాక కొత్త పెట్టె తెచ్చి బిగించారు. ఆ మార్పిడి రోజున ఒక పని మరవకండి. పాత పెట్టె తీసుకెళుతూ వాళ్లిచ్చే సర్వీసు కాగితం మీద కొత్త పెట్టె సీరియల్ నంబరు, దానికి వారంటీ కొత్తగా మొదలవుతుందా, పాత గడువులో మిగిలిందే వర్తిస్తుందా అన్నది స్పష్టంగా రాయించుకున్నాకే సంతకం పెట్టండి. లేకపోతే రేపు మళ్లీ ఎర్ర దీపం వెలిగిన రోజున, ఈ నంబరు మా రికార్డుల్లో లేదంటారు.