ఎర్రనేలలో భాస్వరం ఏమవుతోంది?

డీఏపీ బస్తా మీద ‘18-46’ అని ఉంటుంది కదా! ఆ 46 భాస్వరం లెక్క. డబ్బులు పోసి కొన్న ఆ భాస్వరంలో మొదటి పంటకు అందేది కొంతే. మిగతాదాన్ని ఎర్రనేలల్లో చాలావరకు ఇనుమే పట్టేసుకుంటుంది. నేలకు ఎరుపు తెచ్చే ఐరన్ ఆక్సైడ్లకు ఫాస్ఫేట్ గట్టిగా అతుక్కుంటుంది. నీళ్లు పెట్టినా తేలిగ్గా ఊడిరాదు.

వరిమడిలో కథ వేరు. నిలవ నీటిలో గాలి అందక ఇనుము రూపం మారుతుంది, కొంత ఫాస్ఫేట్‌ను వదిలేస్తుంది. మెట్ట పంటకు ఆ వెసులుబాటు లేదు. అందుకే డీఏపీని పైపైన చల్లకుండా, విత్తేటప్పుడే గింజకు కాస్త పక్కగా మట్టిలో పడేలా వేయాలి. పశువుల ఎరువూ మేలే. అందులోని సేంద్రియ ఆమ్లాలు ఇనుము దగ్గర ఫాస్ఫేట్‌తో పోటీపడతాయి.

ఇంకో బస్తా కొనేముందు భూసార పరీక్ష చేయించండి. ఏళ్లుగా వేసిన భాస్వరం మీ చేలోనే పేరుకుని ఉండొచ్చు!