పొయ్యెక్కని మాంసం

ఇటలీలో పార్మా నగరానికి దక్షిణాన, అపెన్నైన్ కొండల మొదట్లో లాంగిరానో అనే ఊరుంది. అక్కడి పాత కట్టడాలకు పొడవాటి సన్నని కిటికీలు వరసగా కనిపిస్తాయి. లోపల బారులుగా వేలాడే పంది తొడలకు కొండగాలి తగలాలని పెట్టిన కిటికీలవి. వాతావరణం చూసి తెరుస్తారు, మూస్తారు. ప్రపంచమంతా ఇష్టంగా తినే ప్రషూటో ది పార్మా ఆ ప్రాంతంలోనే తయారవుతుంది.

దానికి కావలసినవి పంది వెనక తొడ, సముద్రపు ఉప్పు. అంతే. మసాలా లేదు, పొగ పెట్టరు, నైట్రేట్లు కలపరు. తొడకు ఉప్పు పట్టించడమే ఒక వృత్తి, ఆ పనివాడికి ఎంతో గౌరవం. చర్మం ఉన్న వైపు తడి ఉప్పు, మాంసం ఉన్న వైపు పొడి ఉప్పు రాస్తాడు. చల్లటి గదిలో వారం ఉంచాక మరో విడత ఉప్పు పడుతుంది. ఆ తర్వాత రెండు మూడు నెలలు కదిలించరు. ఆపైన కడిగి, ఆరబెట్టి, గాలికి వేలాడదీస్తారు. కోసిన వైపు మరీ గట్టిపడకుండా పంది కొవ్వులో ఉప్పు, మిరియాలు, కొంచెం బియ్యప్పిండి కలిపి మెత్తుతారు. కనీసం 14 నెలలు గడిస్తేగాని అమ్మకానికి రాదు.

చివరి పరీక్ష ముక్కుతోనే. గుర్రపు ఎముకతో చేసిన సన్నటి సూదిని తొడలో కొన్నిచోట్ల గుచ్చి, తీసిన వెంటనే వాసన చూస్తారు. ఆ ఎముక వాసనను ఇట్టే పీల్చుకుంటుంది, ఇట్టే వదిలేస్తుంది. అందుకే ఒక పోటుకూ మరో పోటుకూ తేడా తెలుస్తుంది. నెగ్గిన తొడ చర్మం మీద ఐదు కొనల కిరీటం ముద్ర కాలుస్తారు. ఉత్పత్తిదారులు 1963లో సంఘంగా ఏర్పడి కాపాడుకుంటూ వస్తున్న గుర్తు అది.

ఇంతమంది ఇంతకాలం కష్టపడ్డాక మన చేతికి వచ్చే మాంసానికి ఇంట్లో చేయాల్సింది చాలా తక్కువ. రుచి చెడేదల్లా అక్కర్లేని హడావుడి వల్లే. నిమ్మరసం పిండటం, ఉల్లిపాయ చల్లటం, పెనం మీద వేయించటం మన వంటింటి అలవాట్లు. ఇక్కడ మాత్రం వాటిని పక్కన పెట్టాలి. నిప్పు తగిలితే కమ్మదనం ఎగిరిపోయి ఉప్పే మిగులుతుంది. పిజ్జా మీద వేసుకునేవాళ్లు కూడా పొయ్యిలోంచి తీశాకే పరచాలి.

అసలు కిటుకు కోతలో ఉంది. ముక్క అవతల పళ్లెం రంగు కనిపించేంత పలుచగా ఉండాలి. మామూలు కత్తితో అది కష్టం. 1898లో రోటర్‌డామ్‌లో వాన్ బెర్కెల్ అనే కసాయి చక్రంలా తిరిగే బ్లేడుతో కోత యంత్రం కనిపెట్టాడు. ఎర్రరంగు బెర్కెల్ యంత్రాలు ఇటలీ దుకాణాల్లో ఇప్పటికీ కనిపిస్తాయి. కాబట్టి కోత దుకాణంలోనే చేయించుకోండి, అదీ తినబోయే రోజున. ప్యాకెట్ కొంటే కిరీటం గుర్తు చూడండి. ముందే కోసి ప్యాక్ చేసిన ముక్కలను పార్మా పేరుతో అమ్మాలంటే కోత, ప్యాకింగ్ ఆ ప్రాంతంలోనే జరగాలన్న నిబంధనను 2003లో యూరోపియన్ న్యాయస్థానం సమర్థించింది. బ్రిటన్ సూపర్‌మార్కెట్ అస్డా మీద సంఘం వేసిన కేసు అది. దుకాణంవాడు మన కళ్లెదుట కోసి ఇవ్వడానికి ఈ అడ్డు లేదు.

ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే వడ్డించకూడదు. పావుగంట బయట ఉంచితే అంచున ఉన్న తెల్లటి కొవ్వు మెత్తబడుతుంది. ఆ కొవ్వును చాలామంది ఒలిచి పారేస్తారు. చాలా పొరపాటు. పరిమళమంతా అందులోనే ఉంది. మాంసంలో అక్కడక్కడ కనిపించే తెల్లటి చుక్కలు బూజు అనుకోకండి. ఎక్కువకాలం ఆరిన మాంసంలో పేరుకునే టైరోసిన్ కణికలవి. ముక్కలను దొంతరగా పేర్చకుండా, ఒక్కొక్కటీ వదులుగా మడతపడేలా వెడల్పు పళ్లెంలో పరచండి.

పక్కన ఏం పెట్టాలి? వేసవిలో నారింజరంగు ఖర్బూజ ముక్కలు, కాలం వస్తే తాజా అత్తిపళ్లు. ఉప్పదనానికి తీపి తగిలితే రెండు రుచులూ మరింత బాగా తెలుస్తాయి. పార్మావాళ్లకు అన్నిటికంటే ఇష్టం తోర్తా ఫ్రిత్తా. మైదాపిండి ముద్దను పలుచగా వత్తి, పలకలుగా కోసి, నూనెలోనో పంది కొవ్వులోనో వేయిస్తే మన పూరీలా పొంగుతాయి. పొగలు కక్కుతుండగానే దానిమీద ముక్క పరిస్తే అంచు కొవ్వు అద్దంలా మారి పిండిలోకి దిగుతుంది. నా మటుకు ఖర్బూజ కంటే ఇదే ఒక మెట్టు పైన.

ఫ్రియూలీ ప్రాంతపు శాన్ దానియెలే ప్రషూటో కూడా ఇంతే పేరున్నది. గిట్టతో సహా ఉంచటం దాని గుర్తు. మిరియాలు, వెల్లుల్లి పట్టించిన టస్కనీ రకం ఘాటుగా ఉంటుంది. అక్కడివాళ్లు ఉప్పులేని రొట్టెతో తింటారు.

ఒక జాగ్రత్త. ఇది ఉడికించని మాంసం, ఉప్పూ ఎక్కువే. గర్భిణులు, రక్తపోటు ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా ముట్టవద్దు. మిగతావాళ్లకు నలుగురికి వంద గ్రాములు చాలు. ఆ పూటకు సరిపడా కోయించుకోండి, ఆ పూటే తినేయండి.