పర్వతం మీది మౌనం

మా మద్రసాలో చదువుకున్న యువకుడొకడు గైడ్ల వెంట నేపాల్‌లో పర్వతారోహణకు వెళ్ళాడు. నామ్చే బజార్ వరకు రోజూ ఇంటికి ఫోను చేశాడు. ఆ తరువాత మూడు రోజులు మాట లేదు. నాలుగో నాడు అతని తల్లి మా గుమ్మంలో నిలబడి, “మౌలానా సాబ్, దుఆ చేయండి. మావాడు ఏమయ్యాడో తెలియడం లేదు” అన్నది. అతడు క్షేమంగానే ఉన్నాడు. పైకి వెళ్ళాక సిగ్నలు అందకపోవచ్చని ముందే తెలిసినా, అమ్మ భయపడుతుందని చెప్పలేదట!

ఎవరెస్ట్ ప్రాంతానికి 2010లోనే త్రీజీ సేవ చేరింది. అయినా 3,440 మీటర్ల ఎత్తున ఉన్న నామ్చేలో దొరికినంత సులువుగా, 5,364 మీటర్ల ఎత్తున ఉన్న బేస్ క్యాంపు దారిలో సిగ్నలు దొరకదు. కొండ అడ్డు వస్తుంది. చలికి బ్యాటరీ త్వరగా డీలా పడుతుంది. అందుకే అనుభవజ్ఞులు రాత్రిపూట ఫోనును తాము పడుకునే స్లీపింగ్ బ్యాగులోనే పెట్టుకుంటారు.

ఇంకా పైన గైడ్లకు ఆధారం చేతి రేడియోలే. 1996 మేలో న్యూజీలాండ్ గైడ్ రాబ్ హాల్ ఎవరెస్ట్ శిఖరానికి కొద్ది దిగువన తుఫానులో చిక్కుకున్నాడు. బేస్ క్యాంపులోని వారు అతని రేడియోను శాటిలైట్ ఫోనుకు కలిపి, స్వదేశంలో ఉన్న గర్భవతియైన భార్యతో మాట్లాడించారు. అతని మాట ఇంటికి చేరింది కాని, సహాయం అతని వద్దకు చేరలేకపోయింది. చేతిలో పరికరం ఉన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండవచ్చని తలచేవారు ఈ సంగతి గమనించాలి.

శాటిలైట్ ఫోను వెంట తీసుకెళ్ళదలచినవారికి మరొక మాట. మన దేశంలో ప్రభుత్వ అనుమతి లేకుండా దానిని దగ్గర ఉంచుకోవడం నేరం. విమానాశ్రయంలో పట్టుబడితే యాత్ర అక్కడే ముగుస్తుంది.

1953లో ఈ ఫోన్లేవీ లేవు. మే 29న శిఖరాన్ని అధిరోహించిన వార్తను ఒక మనిషి నామ్చేకు మోసుకెళ్ళగా, అక్కడి వైర్‌లెస్ ద్వారా అది బయటికి వెళ్ళింది. జూన్ 2 ఉదయానికి లండన్ పత్రికలో అచ్చయింది. అందులో పైకి కనిపించే మాట మంచు పరిస్థితి బాగాలేదని! ‘శిఖరం ఎక్కాము’ అనడానికి అది ముందే అనుకున్న సంకేతం. పంపినవారికీ అందుకున్నవారికీ అర్థం తెలుసు గనుక ఎవరూ కంగారు పడలేదు.

ఇంట్లో కూడా అటువంటి ఒప్పందమే కావాలి. ఏ రోజు ఏ ఊరిలో బస, ఎక్కడి నుంచి ఎక్కడికి ఫోను పనిచేయదు, ఎన్ని రోజుల మౌనం మామూలు, అది దాటితే యాత్రాసంస్థలో ఎవరిని అడగాలి, ఇవి కాగితం మీద ఉండాలి. సంస్థవారు సమాచారం చెప్పవలసిన మనిషి ఇంట్లో ఒక్కరే ఉండాలి. పదిమంది పది ఫోన్లు చేస్తే పుకార్లు పుడతాయి. నేపాల్ గడియారం మనకన్నా పదిహేను నిమిషాలు ముందుంటుందనే చిన్న విషయం కూడా రాసిపెట్టుకుంటే మంచిది.

ఆ యువకుడు మరుసటి ఏడాది మళ్ళీ వెళ్ళాడు. ఈసారి కాగితం రాసి వంటగది గోడకు అంటించాడు. మూడో రోజు ఫోను రాలేదు. నేనే ఉండబట్టలేక వారింటికి వెళ్ళి అడిగాను. తల్లి బియ్యం ఏరుతూ, “ఇంకా రెండు రోజులు గడువుంది మౌలానా సాబ్, కూర్చోండి, చాయ్ పెడతాను” అన్నది.