కన్నీరింకిన కన్నులు

పెంపుడుకుక్క కంటికొలకున పసుపుపచ్చని పుసి జిగురువలె పేరుకొనుచుండగా, దానిని తడిగుడ్డతో తుడిచి, మరునాటికి మరల చేరినదానిని మరల తుడుచుచు, దుమ్ము పడినదనియో వేడిచేసినదనియో సరిపెట్టుకొనుట మన యిండ్లలో తరచుగా జరుగుచున్నది. మందులషాపున దొరకిన యాంటీబయాటిక్ చుక్కలు వేసినన్నాళ్లు పుసి కొంత తగ్గును. మానగనే మరల వచ్చును. ఇట్లు నెలలు గడచుసరికి నల్లగుడ్డు నిగనిగ కోల్పోయి, దానిపై రక్తనాళములు ప్రాకి, క్రమముగా నల్లని పొర క్రమ్మి, చూపును కప్పివేయును. ఈ అనర్థమునకు మూలము బహుశునకములయందు కన్నీరు ఎండిపోవుటయే.

కన్నీరనగా దుఃఖమున స్రవించు నీరు మాత్రమే కాదు. పైన పలుచని తైలము, నడుమ నీరు, అడుగున జిగురు కలిసి, కనుగుడ్డు ముందుభాగమును అనుక్షణము తడుపుచు, రక్తనాళములు లేని ఆ పారదర్శకపటలమునకు ప్రాణవాయువు నందించుచు, మలినములను కడిగివేయుచుండును. ఇందలి నీటిని కంటిపైనున్న గ్రంథియు, కుక్కలకున్న మూడవరెప్పలోని గ్రంథియు సమకూర్చును. శరీరమును రక్షింపవలసిన రోగనిరోధకశక్తియే దారితప్పి ఈ గ్రంథులను నాశనము చేయుట ఈ వ్యాధికి ప్రధానకారణము. కాకర్ స్పానియల్, పగ్, షీజూ, లాసా ఆప్సో, బుల్‌డాగ్ జాతులయందు ఇది హెచ్చు. డిస్టెంపర్ జ్వరము, కొన్ని సల్ఫా మందుల వాడుక, ఎర్రగా ఉబికివచ్చిన మూడవరెప్ప గ్రంథిని కోసివేయుట కూడ దీనికి దారితీయును. కావుననే నేటి వైద్యులు ఆ గ్రంథిని తొలగింపక, స్వస్థానమునకు నెట్టి కుట్టివేయుదురు.

వ్యాధినిర్ణయము మిక్కిలి సులభము. 1903లో జర్మన్ నేత్రవైద్యుడు ఓటో షిర్మర్ మానవులకై ప్రవేశపెట్టిన పద్ధతి ననుసరించి, సన్నని కాగితపుముక్కను క్రిందిరెప్పలో ఒక్క నిమిషముంచి, తడి ఎంతదూరము ప్రాకినదో కొలుతురు. 15 మిల్లీమీటర్లు దాటిన క్షేమము. 10కి లోబడిన వ్యాధి కలదని తలంపవలెను. 5కి లోబడిన తీవ్రము.

పూర్వము కృత్రిమాశ్రువులు పలుమారులు వేయుట, లేదా లాలాజలనాళమును కంటికి మరల్చు శస్త్రచికిత్స చేయుట తప్ప గట్టి మార్గము లేకుండెను. నార్వేదేశపు హార్డాంగర్‌విద్దా పీఠభూమి మట్టిలోని శిలీంధ్రమునుండి లభించి, అవయవమార్పిడియందు ప్రసిద్ధిగాంచిన సైక్లోస్పోరిన్ అను ఔషధము కుక్కలకంట మరల నీరూరించునని 1980ల దశకమున జార్జియా విశ్వవిద్యాలయపు పశునేత్రవైద్యురాలు రెనీ కాస్వాన్ కనుగొనిన పిమ్మట స్థితి మారినది. అమెరికా ప్రభుత్వము 1995లో 0.2 శాతపు లేపనమును కుక్కలకును, 2002లో సైక్లోస్పోరిన్ చుక్కలను మనుష్యులకును అనుమతించెను. మూగజీవికై జరిగిన అన్వేషణ మానవులకును ఉపకరించుట కొనియాడదగిన విషయము.

ఈ మందు వ్యాధిని సమూలముగా తీసివేయజాలదు, అణచి యుంచును. కాచి చల్లార్చిన నీటితో పుసి తుడిచి, దినమునకు రెండుమారులు, సాధారణముగా జీవితాంతము వేయవలెను. కన్నీరు పెరుగుటకు కొన్ని వారములు పట్టును గనుక, మొదటివారమునందే గుణము కానరాలేదని మానరాదు; గుణము కనబడినదనియు మానరాదు, మానినచో కన్ను మరల ఎండును. దీనితో ఫలము లేనిచోట వైద్యులు టాక్రోలిమస్ వాడుదురు. స్టిరాయిడ్ చుక్కలను మాత్రము ఎవరికివారు వేయరాదు. కంటిపై పుండున్నచో అవి గుడ్డునే చీల్చగలవు.

కావున ఆరని పుసి చూచిన యజమాని మరియొక చుక్కలసీసా కొనుటకు ముందు ఆ కాగితపుపరీక్ష చేయించవలెను. వ్యాధి తేలినపిదప ఉదయము అన్నము పెట్టినట్లే మందును వేయుచు, వైద్యుడు చెప్పిన గడువున కొలత మరల తీయింపవలెను. ఈ వ్యాధియందు ఔషధమెంతటిదో, దానిని తప్పక వేయు చేతి నిలుకడయు అంతటిది.